ఇనుప మేకు మునుగును, ఇనుప ఓడ తేలును: ఏల?

సైబరాబాదు ప్రాంతమునందు తిరుగాడు మా పాఠకులకు దుర్గము చెరువు క్రొత్త కాదు. మాదాపురమున సైబర్ టవర్సు భవనము 1998వ సంవత్సరమున తెఱవబడిన పిమ్మట హైటెక్ సిటీ యని పేరొందిన పేటకును, జూబిలీ హిల్సునకును నడుమ, నల్లని బండరాళ్ళ మధ్య నొదిగియున్న ఈ చెరువు, పూర్వము గోలకొండ కోటకు నీరిచ్చినదని ప్రసిద్ధి. 2020వ సంవత్సరము సెప్టెంబరు నెలలో దీనిపై తీగెల వంతెన తెఱవబడెను. ఆ గట్టున నిలిచి యొక గులకరాతిని నీటిలో విసరినచో అది "బుడుంగు" మని మునుగును. జేబులోని తాళపుచెవి జారిపడినచో అదియు మునుగును. కాని ఆ తాళపుచెవికంటె వేలకొలది రెట్లు బరువైన విహారనౌక, మనుష్యులను గూడ నెక్కించుకొని, హాయిగా తేలిపోవుచుండును.

దీనిని జూచి బాలబాలికలు తఱచుగా మమ్మడుగు ప్రశ్న యిది: "అయ్యా, చిన్న ఇనుప మేకు మునిగిపోవునే! కొండంత ఇనుప ఓడ యేల మునుగదు?" ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దీని ప్రత్యుత్తరము సంపూర్ణముగా దెలియనివారు పెద్దలలోను అనేకులు కలరు. మఱియు నిందులో సగము మాత్రమే తెలిసికొని, తక్కిన సగమును విస్మరించుటవలన ప్రాణహానియు కలుగవచ్చును. మన భాగ్యనగరముననే యట్టి దుర్ఘటన మొకటి జరిగినది. దానిని గూర్చి ముందు జెప్పుదుము. మొదట ప్రశ్నకు వత్తము.

లోకమున దీనికి మూడు విధములైన సమాధానములు వినబడుచుండును. యంత్రబలముచే ఓడ తేలునని కొందఱందురు. అట్లయినచో యంత్రము నాపి లంగరు వేసినతోడనే ఓడ మునుగవలెను గదా! సముద్రము మిక్కిలి విశాలమును లోతునైనది గనుక అంత బరువును మోయగలదని మఱికొందఱందురు. కాని ఓడలను మరమ్మతు చేయు రేవులయందు, ఓడకును గోడకును నడుమ స్వల్పమైన సందు మాత్రమే యుండు ఇఱుకు తొట్లలో గూడ, ఓడ సముద్రముమీద తేలినట్లే తేలును. ఓడ లోపల గాలి యున్నది, గాలి తేలిక గనుక ఓడను పైకెత్తునని యింకను కొందఱందురు. ఇది సత్యమునకు సమీపమైనదే గాని సత్యము కాదు. ఓడలోని గాలి దేనిని పట్టి పైకెత్తును? అది ఓడలో ఊరక యున్నది. గాలి యొనర్చు మేలొక్కటే: నీరు ప్రవేశింపవలసిన చోటును తాను తేలికగా ఆక్రమించుకొనియుండుట. ఎత్తునది గాలి కాదు, క్రిందనున్న నీరు.

నీరు వస్తువుల నెత్తునను మాటకు సాక్ష్యము మన యిండ్లలోనే కలదు. నూతిలో బిందె ముంచి నీరు తోడినవా రెల్లరు నిది యెఱుగుదురు. నిండిన బిందె నీటిలోపల నున్నంతవఱకు ఒక వ్రేలితో లాగినట్లు తేలికగా పైకి వచ్చును. నీటిమట్టమును దాటి వెలికి రాగానే చేదత్రాడు చేతులను కోయును. 2 కిలోగ్రాముల యిత్తడి బిందెలో 15 లీటర్ల నీరు పట్టునని యెంచుడు. నీటిలో నున్నపుడు మన చేతికి దెలియు బరువు 2 కిలోగ్రాములకంటె తక్కువ. వెలికి వచ్చిన పిదప 17 కిలోగ్రాములు. మధ్యనున్న 15 కిలోగ్రాముల బరువును ఇంతదనుక మోయుచున్న దెవరు? నూతిలోని నీరే.

మఱియొక పరీక్ష చేయుడు. ఖాళీ గిన్నెను మూతి పైకుండునట్లు పట్టుకొని, గంగాళములోని నీటిలోనికి నొక్కుడు. ఎంత లోతునకు నొక్కిన నంత బలముగా నీరు మీ చేతిని వెనుకకు నెట్టును. అదే సమయమున గంగాళములోని నీటిమట్టము పైకి లేచుటను గూడ గమనింపుడు. ఈ రెండును ఒకే విషయమునకు రెండు ముఖములు. గిన్నె యెంత నీటిని ప్రక్కకు తొలగించినదో, నీ రంత బలముతో దానిని పైకి నెట్టుచున్నది.

దీనికి కారణ మేమి? నీటిలో లోతునకు పోయినకొలది ఒత్తిడి హెచ్చును. కావున మునిగిన వస్తువుయొక్క అడుగుభాగమును పైకి నెట్టు ఒత్తిడి, పైభాగమును క్రిందికి నొక్కు ఒత్తిడికంటె నెక్కువ. ఈ రెంటి భేదమే పైకెత్తు బలము. అది యెంతయని యడిగినచో, ఇట్లాలోచింపుడు. నిశ్చలముగా నున్న చెరువు నడుమ, బిందెయంత నీటిముద్ద నొకదానిని మనస్సులో గీత గీసి వేఱుచేయుడు. ఆ నీటిముద్దకు బరువున్నది. అయినను అది క్రిందికి పోవుట లేదు. చుట్టునున్న నీరు సరిగా దాని బరువునకు సమానమైన బలముతో దానిని నిలిపియుంచినది. ఇప్పుడా నీటిముద్దను తీసివైచి, అదే ఆకారము గల రాతినో, ఇనుమునో, కొయ్యనో అచ్చట నుంచినచో, చుట్టునున్న నీటికి ఈ మార్పు తెలియదు. అది మునుపటివలెనే, అంతే బలముతో నెట్టుచుండును. కావున నీటిలో నున్న ప్రతి వస్తువును, అది తొలగించిన నీటి బరువునకు సమానమైన బలము పైకెత్తును. ఇది క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున సిరక్యూసు పట్టణమున నివసించిన ఆర్కిమెడీజు అను గ్రీకు పండితుడు నిరూపించిన సూత్రము. అతడు స్నానపు తొట్టిలో దీనిని గనిపెట్టి వీథిలోనికి పరుగెత్తెనను కథ యెల్లరు వినినదే. కథ యెట్లున్నను సూత్రము రెండువేల సంవత్సరములకు పైగా చెక్కుచెదరక నిలిచియున్నది.

ఇక మేకును ఓడను ఈ త్రాసులో నుంచి తూచుదము. ఇనుము తనయంత పరిమాణము గల నీటికంటె ఇంచుమించు 7.8 రెట్లు బరువైనది. 1 కిలోగ్రాము ఇనుపముద్ద నీటిలో బడినచో అది తొలగింపగల నీరు సుమారు 128 గ్రాములు మాత్రమే. నీ రిచ్చు సహాయము 128 గ్రాములు, మోయవలసిన బరువు 1000 గ్రాములు. ముద్ద మునుగక తప్పదు. అదే ఇనుమును పలుచని రేకుగా సాగగొట్టి, 3 లీటర్లు పట్టు గిన్నెగా చేసినచో, ఆ గిన్నె నీటిలోనికి దిగుచు, దిగుచు, ఒక లీటరు నీటిని తొలగింపగానే ఆగిపోవును. ఏలయన ఒక లీటరు నీటి బరువు సరిగా 1 కిలోగ్రాము. ఇంకను రెండు లీటర్ల చోటు నీటికి పైన మిగిలియున్నది గనుక, దానిలో మఱి రెండు కిలోగ్రాముల సరకును వేయ నించుమించు వీలున్నది. ఇనుము మాఱలేదు, బరువు మాఱలేదు. మాఱినది ఆకారము మాత్రమే.

విద్యార్థులు దీనిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. అన్నము పొట్లము కట్టు అల్యూమినియపు రేకును జానెడు చదరముగా రెండు ముక్కలు కత్తిరింపుడు. ఒకదానిని లోపల గాలి చిక్కకుండ మడిచి, మడిచి, సుత్తితో గట్టిగా అదుముడు. రెండవదానిని చుట్టును అంచు లేపి చిన్న పడవగా చేయుడు. రెంటిని నీటిలో వదలుడు. ఫలితము మీరే చూతురు. పిమ్మట పడవలో ఒక్కొక్క నాణెమును మెల్లగా పేర్చుచు, ఎన్నిటికి మునుగునో లెక్కింపుడు. అంచుల యెత్తును, అడుగు వెడల్పును మార్చి మరల పరీక్షింపుడు. నాణెములన్నియు ఒకే ప్రక్కను వేసిన నేమగునో దానిని గూడ వ్రాసికొనుడు. ఈ కడపటి పరీక్షతో మనకు ముందు పని యున్నది.

ఈ సూత్రమును గ్రంథములలో జదువుటకు పూర్వమే మన తెలుగువారు చేతులతో నెఱిగియుండిరి. కృష్ణలో జాలరులు నడపు పుట్టి, వెదురుతో నల్లిన పెద్ద బుట్టయే గదా! పూర్వము దానికి తోలు కప్పెడివారు. బుట్టలో నీరు నిలువదను సామెత కెదురుగా, నీటిలో బుట్టయే మనుష్యులను నిలుపుచున్నది. సాతవాహన రాజుల నాణెములపై రెండు స్తంభముల ఓడబొమ్మలు కలవు. కాకినాడకు సమీపముననున్న కోరంగి 18, 19 శతాబ్దములలో ఓడలను కట్టుటకును మరమ్మతు చేయుటకును పేరొందిన రేవు. ఆ ఓడలు కొయ్యవి. కొయ్య స్వభావముచేతనే తేలును గనుక, ఓడయనగా కొయ్యతోనే చేయవలెనని లోకము చిరకాలము నమ్మెను. 1822వ సంవత్సరమున ఇంగ్లండులో "ఏరన్ మ్యాన్బీ" యను ఇనుప పొగయోడ సముద్రయానము చేసిన పిదప ఆ నమ్మకము క్రమముగా సడలెను. తేలునది కొయ్య కాదు, ఆకారము అని లోకము గ్రహించెను.

మన తీరమున ఈ విద్యకు గొప్ప నిలయము విశాఖపట్టణము. సింధియా నౌకా సంఘమువారు అచ్చట స్థాపించిన ఓడల కార్ఖానాకు 1941వ సంవత్సరము జూను నెలలో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. అచ్చట నిర్మింపబడిన "జలఉష" యను 8,000 టన్నుల ఉక్కు ఓడకు 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన పండిత జవహర్లాలు నెహ్రూగారు జలప్రవేశము గావించిరి. అదియే నేడు హిందూస్థాన్ షిప్ యార్డు అను పేరుతో ప్రభుత్వసంస్థగా నున్నది.

ఓడ యెంత బరువు మోయగలదో లెక్కించుట కఠినము కాదు. 100 మీటర్ల పొడవును, 15 మీటర్ల వెడల్పును గల పెట్టెవంటి ఓడ 6 మీటర్ల లోతు మునిగియున్నదని యనుకొందము. అది తొలగించిన నీరు 9,000 ఘన మీటర్లు. ఒక ఘన మీటరు మంచినీరు ఒక టన్ను తూగును. కావున ఓడయు, దానిలోని సరకును, మనుష్యులును కలిసి 9,000 టన్నులన్నమాట. సముద్రపు నీరు ఉప్పుచేత నించుక బరువైనది, ఘన మీటరునకు సుమారు 1.025 టన్నులు. అందుచే అదే మునుకతో సముద్రముమీద ఆ ఓడ 9,225 టన్నులుండవచ్చును. సముద్రము నుండి నదీముఖములోనికి వచ్చిన ఓడ కొంచెము లోతుగా దిగుట కిదియే హేతువు. ఓడ ప్రక్కను వృత్తమును, గీతలును చిత్రించియుండుట మీరు చిత్రపటములలో జూచియుందురు. ఏ నీటిలో ఏ గీతవఱకు మునుగవచ్చునో అవి తెలుపును. దురాశచే మితిమీఱిన సరకు నెక్కించి నావికుల ప్రాణములు దీయు ఓడ యజమానులపై పోరాడి, శామ్యూల్ ప్లిమ్సాల్ అను ఆంగ్ల పార్లమెంటు సభ్యుడు 1876వ సంవత్సరమున ఈ గుర్తును చట్టముచే నిర్బంధము చేయించెను. నేడు అంతర్జాతీయ నియమముల ప్రకారము సముద్రముపై తిరుగు సరకు ఓడల కిట్టి గీతలుండును.

ఇంతవఱకు చెప్పినది సగము. తక్కిన సగమునకై హైటెక్ సిటీనుండి తూర్పుగా హుస్సేను సాగరమునకు పోవుదము. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున 16వ శతాబ్దములో త్రవ్వబడిన ఈ తటాకము నడుమ, రాతిదిబ్బపై నిలిచియున్న బుద్ధవిగ్రహమును చూడనివారు నగరమున నరుదు. దాని చరిత్ర "ఓడలు బండ్లును, బండ్లు ఓడలును అగు" నను మన సామెతకు విచిత్రమైన ఉదాహరణము.

ముఖ్యమంత్రిగా నుండిన నందమూరి తారక రామారావుగారి సంకల్పముచే, భువనగిరి సమీపమునందలి రాయగిరి కొండలో దొరకిన తెల్లని కఠినశిలనుండి, గణపతి స్థపతిగారి ఆధ్వర్యవమున ఈ ఏకశిలా విగ్రహము చెక్కబడెను. దాని యెత్తు సుమారు 58 అడుగులు, బరువు సుమారు 350 టన్నులని చెప్పుదురు. 1988వ సంవత్సరమున అనేక చక్రములు గల ప్రత్యేక వాహనముపై దానిని నగరమునకు దెచ్చిరి. బండిప్రయాణము ముగిసినది, పడవప్రయాణము మిగిలినది. 1990వ సంవత్సరము మార్చి 10వ తేదీన దానిని బార్జీ యను చదునైన పెద్ద పడవపై నెక్కించి రాతిదిబ్బవైపు తీసికొనిపోవుచుండగా, గట్టునుండి కొంత దూరము పోయినంతలో పడవ యొరిగెను. విగ్రహము జారి సాగరములో బడెను. పనిచేయుచున్నవారిలో పలువురు మరణించిరి. వారు పేరుప్రతిష్ఠలకై పోయినవారు కారు, దినకృత్యముగా తమ పని చేయుటకు పోయినవారు. ఆ విగ్రహమును జూచునపుడు వారినిగూడ స్మరించుట మన ధర్మము.

350 టన్నుల భారమును నీటిపై తేల్చుట అసాధ్యమా? కానే కాదు. 20 మీటర్ల పొడవును, 10 మీటర్ల వెడల్పును, 3 మీటర్ల యెత్తును గల 50 టన్నుల బార్జీ నొకదానిని మనస్సులో నిర్మింపుడు. ఇది లెక్కకై కల్పించినది గాని, నాటి పడవ కాదు. విగ్రహమంత బరువును దానిపై నెక్కించినచో మొత్తము 400 టన్నులు. అడుగు వైశాల్యము 200 చదరపు మీటర్లు. కావున అది సరిగా 2 మీటర్లు మునిగి, మఱియొక మీటరు నీటికి పైన మిగుల్చుకొని, సుఖముగా తేలును. ఆర్కిమెడీజు సూత్రమునకు దీనితో సంతృప్తి. కాని తేలుట వేఱు, నిటారుగా తేలుట వేఱు. మొదటిదానికి బరువు లెక్క చాలును. రెండవదానికి బరువెచ్చట నున్నదను లెక్కయు కావలెను.

ప్రతి వస్తువునకును దాని బరువంతయు కేంద్రీకరించినట్లు వర్తించు బిందు వొకటి కలదు. దానిని గరిమనాభి యందుము. నీరు పైకెత్తు బలము మాత్రము మునిగిన భాగముయొక్క నడిబిందువుగుండా పనిచేయును. పడవ తిన్నగా నున్నపుడు ఈ రెండు బిందువులును ఒకే నిలువుగీతపై నుండును. పడవ ఒక ప్రక్కకు వాలగానే, ఆ ప్రక్క భాగ మెక్కువగా మునుగును గనుక, ఎత్తుబల మా వైపునకు జరిగి, క్రుంగిన ప్రక్కను పైకి లేపజూచును. ఇది పడవకు ప్రకృతి యిచ్చిన రక్షణ. కాని గరిమనాభి మిక్కిలి యెత్తున నున్నచో, పడవ వాలినపుడు అదియు ఆ ప్రక్కకే యెక్కువ దూరము వ్రాలి, ఎత్తుబలమును దాటిపోయి, పడవను మఱింత పడద్రోయును. లేపు బలమునకును, పడద్రోయు బలమునకును నడుమ సరిహద్దు బిందువును 1746వ సంవత్సరమున పియెర్ బుగే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు "మెటాసెంటరు" అని నామకరణము చేసి లెక్కించు విధమును తెలిపెను. గరిమనాభి ఆ బిందువునకు క్రింద నున్నంతవఱకు పడవ లేచి నిలుచును. పైకి పోయినచో బోర్లపడును.

మన ఊహాబార్జీకి ఈ లెక్క కట్టి చూతము. 10 మీటర్ల వెడల్పును, 2 మీటర్ల మునుకయు గల దానికి మెటాసెంటరు అడుగునుండి సుమారు 5.2 మీటర్ల యెత్తున నుండును. పై తలమునకు మీటరున్నర యెత్తున భారపు నడిమి యున్నదని యెంచినచో, పడవయు భారమును కలిసిన గరిమనాభి సుమారు 4.1 మీటర్ల యెత్తున నుండును. కావున పడవ నిలుచును. అదే అడుగు వైశాల్యముతో, అదే బరువుతో, వెడల్పును 5 మీటర్లు చేసి పొడవును 40 మీటర్లు చేసితిమనుకొనుడు. మునుక మునుపటివలెనే 2 మీటర్లు. కాని మెటాసెంటరు సుమారు 2 మీటర్లకు దిగిపోవును. ఆ పడవ గాలి వీచినను వీవకున్నను బోర్లపడును. ఏలయన వెడల్పు సగమైనచో ఈ రక్షణబలము సగము కాదు, నాలుగవ వంతగును. దుర్గము చెరువులోని విహారనౌకలు వెడల్పుగా నుండుటకును, పుట్టి గుండ్రముగా చదునైన యడుగుతో నుండుటకును గల రహస్య మిదియే.

వెడల్పైన బార్జీయు పూర్తిగా నిర్భయము కాదు. దానిపైనున్న 350 టన్నుల భారము ప్రక్కకు జరిగినదనుకొందము. ఎంత? సుమారు జానెడు మాత్రమే. లెక్క కట్టి చూచినచో ఆ జానెడు జరుగుటచేతనే పడవ యొరిగి, దాని అంచు నీటిమట్టమున కంటును. అంచు మునిగినతోడనే వెడల్పువలన కలిగిన రక్షణ నశించును. వాలిన తలముపై భారము మఱింత జారును. జారినకొలది పడవ మఱింత వాలును. ఇక నాపువా రుండరు. కావుననే నావికులు సరకును ఓడ యడుగున నుంచుటయు, కదలకుండ గట్టిగా బంధించుటయు ప్రాణసమానమైన నియమముగా నెంచుదురు. పడవలో చేరిన నీరును అట్టి జాఱుడు సరకే. వెడల్పైన పళ్ళెములో నీరు పోసి యెత్తుకొని నడచిచూడుడు. ఏ ప్రక్క వంగిన, నీరంతయు ఆ ప్రక్కకే పరుగెత్తును. పడవ యడుగున చేరిన నీరును వెంటనే తోడివేయవలె ననుట యందులకే.

విగ్రహము రెండు సంవత్సరములకు పైగా సాగరగర్భమున పరుండెను. అచ్చటను ఆర్కిమెడీజు సూత్రము తన పని చేయుచునే యుండెను. ఆ జాతి శిల నీటికంటె సుమారు 2.7 రెట్లు బరువు. కావున 350 టన్నుల విగ్రహము సుమారు 130 ఘన మీటర్ల నీటిని తొలగించి, అంత సహాయమును పొంది, నీటిలోపల సుమారు 220 టన్నులు మాత్రమే తూగును. దానిని వెలికిదీయునపుడు నీటిమట్టమును దాటినకొలది ఆ 130 టన్నుల భారమును మరల తలకెత్తుకొనవలసి యుండును. నూతిలోని బిందె కథయే యిదియు. తుదకు దానిని వెలికిదీసి, 1992వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన దిబ్బపై నిలిపిరి. నాటినుండి అది శాంతముద్రతో నిలిచియున్నది.

ఇది గతించిన కథయని విడిచిపెట్టుటకు వీలులేదు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వఱదలో పాపికొండలు చూడబోవు విహారనౌక కచ్చులూరు వద్ద మునిగి అనేక కుటుంబములు దుఃఖమున మునిగినవి. మరల సెలవులు వచ్చును, మరల మనము పడవ లెక్కుదుము. హుస్సేను సాగరముననో, దుర్గము చెరువుననో, గోదావరియందో పడవ నెక్కిన విద్యార్థి పై లెక్కలను మఱచినను, వానినుండి పుట్టిన ఈ నాలుగు నియమములను మఱువరాదు. ఒకటి, పడవ నిండినదని సరంగు చెప్పినపుడు, "ఇంకొక్కరమే గదా" యని యెక్కరాదు. ఆ యొక్కరే ప్లిమ్సాల్ గీతను దాటించువారు కావచ్చును. రెండు, పడవలో నిలువబడరాదు. నిలిచిన ప్రతి మనుష్యుడును గరిమనాభిని పైకి లేపుచున్నాడు. మూడు, ఏదో వింత కనబడెనని, ఛాయాచిత్రమునకని, అందఱును ఒకే ప్రక్కకు పరుగెత్తరాదు. జారిన భార మేమి చేయునో చూచితిమి. నాలుగు, లైఫ్ జాకెట్టును చేతిలో గాక ఒంటిమీద, దారములు ముడివైచి ధరింపవలెను.

ఈ నాలుగవదానికిని మన సూత్రమే మూలము. మనుజుని దేహము తనంత పరిమాణము గల నీటితో ఇంచుమించు సమానమైన బరువు గలది. ఊపిరి నిండ పీల్చినపుడు తేలుటకు జూచును, విడిచినపుడు మునుగుటకు జూచును. ప్రాణము ఈ స్వల్పభేదముపై వ్రేలాడుచుండును. 7 లీటర్ల పరిమాణము గల తేలికైన జాకెట్టు, మునిగినపుడు ఇంచుమించు 7 కిలోగ్రాముల యెత్తుబల మిచ్చి, ముఖమును నీటికి పైన నిలుపును. వేలకొలది టన్నుల ఉక్కు ఓడను తేల్చు బలమే బాలుని గూడ తేల్చును. తేడా కొలతలో గాని స్వభావములో లేదు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీ బిడ్డలు స్నానపు గంగాళములో గిన్నెలు ముంచుచు తేల్చుచున్నపుడు, నీరు వృథా యగుచున్నదని కోపింపకుడు. వారు ఆర్కిమెడీజు బడిలో చదువుచున్నారు.

విద్యార్థులకు ఒక ప్రశ్న నిచ్చి ముగింతుము. చిన్న కుంటలో పడవ యున్నది, పడవలో పెద్ద బండరాయి యున్నది. పడవవాడు ఆ రాతిని నీటిలోనికి దొర్లించెను. రాయి మునిగెను, పడవ తేలికయై పైకి లేచెను. ఇప్పుడు కుంటలోని నీటిమట్టము పెఱిగినదా, తగ్గినదా, లేక మునుపటివలెనే యున్నదా? విగ్రహము పడవపై నున్నపుడు తొలగించు నీరెంత, నీటిలో మునిగినపుడు తొలగించు నీరెంత యని పైని చూచిన లెక్కలను మరల చదివి, గంగాళములో గిన్నెను, గిన్నెలో రాతిని ఉంచి పరీక్షించి, హేతువుతో గూడ మీ శాస్త్రోపాధ్యాయునకు చెప్పుడు. ఊహించి చెప్పినవానికంటె కొలిచి చెప్పినవానినే మేము మెచ్చుకొందుము.